నర్సమ్మ ఊడ్చేసిన పిందెలు

రామ్మా రసజ్ఞా, కూర్చో. ఆ పేపరు అవతల పడేసి కూర్చో. ఏవిటీ, దోసపాదా? కుండీలో పెట్టావు, విరగబూస్తోంది, ఒక్క కాయా నిలవటంలేదు. అంతేగా? సరైన చోటికే వచ్చావు. నాలో ఒక మంచి గుణం ఉందమ్మాయ్. నేను చెప్పుకోకూడదు గానీ, చెప్పేవాళ్ళు ఇంకెవరూ మిగల్లేదు కాబట్టి నేనే చెప్తున్నా. ఎవరేం అడిగినా నాకు తెలీదని ఉత్తచేతుల్తో పంపను. దానగుణం అనుకో. మోకాలి నొప్పి గానీ, పిల్లాడికి పేరు గానీ, బోరు ఎక్కడ వెయ్యాలో గానీ, అడిగినవాడి చేతిలో ఏదో ఒకటి పెట్టే పంపుతా. తెలిసినవాడు చెప్పటంలో గొప్పేముంది? తెలియనివాడు చెప్పాలంటే ఎంత కష్టపడాలి! ఈ గుణం వల్లే ఒక మనిషిని... సరే, అక్కడికి వస్తా. ముందు నీ దోసపువ్వు వెనక చూశావా? వెనకమ్మా, వెనక. ఉత్త కాడ ఉందా, బుల్లి కాయలాంటిది ఉందా? చూళ్ళేదు. ఫర్లేదు. నేను అరవై ఏళ్ళొచ్చేదాకా చూశాను, చూసి తప్పుగా అర్థం చేసుకున్నాను. చూడకపోవటమే నయం.

తొంభై తొమ్మిది ఫిబ్రవరి. నువ్వప్పటికి పుట్టావో లేదో. ఇదే మేడ, ఇదే కొండాపూరు. ఇప్పుడు మీ ఆఫీసున్న చోట అప్పుడన్నీ బండలు. పదకొండింటికి ఈల వేసేవాళ్ళు, ఎర్రగుడ్డ ఊపేవాళ్ళు, ఢామ్మని పేల్చేవాళ్ళు. మా ఆవిడ కనకలక్ష్మి స్టీలుగిన్నెలు అలమరలో గజ్జెలు కట్టినట్టు మోగేవి. ఎటు చూసినా దుమ్ము. పువ్వు మీద వాలదామని ఈగ వచ్చినా తుమ్మి పోయేది. నేను తెనాలి వైపు వాణ్ణి, వ్యవసాయశాఖలో రిటైరై ఇక్కడ ఫ్లాటు కొనుక్కున్నా. వ్యవసాయశాఖ అని చెప్పేవాణ్ణి, ఏం ఉద్యోగమో చెప్పేవాణ్ణి కాదు. ఎవరూ అడగలేదు మరి. టైపిస్టునమ్మాయ్. ముప్పై నాలుగేళ్ళు. రైతులకి పంచే కరపత్రాలన్నీ నా వేళ్ళ మీదుగానే వెళ్ళాయి. వరుసకీ వరుసకీ ఎంత ఎడం, ఎకరాకి ఎన్ని కిలోలు, అన్నీ వేళ్ళకి వచ్చు. మట్టి మాత్రం గోళ్ళలోకి ఎప్పుడూ పోలేదు. ఈ మేడలో వాళ్ళకి ఆ తేడా తెలీదు కదా. దిగేటప్పుడూ ఎక్కేటప్పుడూ ఆపి, "వెంకటనారాయణగారూ, గులాబీకి ఏం వెయ్యమంటారండీ?" అంటే నేను ఆగి, గడ్డం పట్టుకుని, ఆకు నలిపి వాసన చూసి, యూరియా అనేవాణ్ణి. దేనికైనా యూరియానే. ఆకులు నిగనిగలాడేవి. జనం దణ్ణాలు పెట్టేవాళ్ళు.

అలా పేరొచ్చాక మనకంటూ ఒక తోట లేకపోతే బావుండదని మేడ మీద ఆరు సిమెంటు తొట్లు పెట్టించా. గుమ్మడి. చిన్నచిన్నవి పెంచితే శాఖకే పరువు తక్కువని! తీగలు పిట్టగోడంతా పాకాయి. ఆకులు గొడుగులంత. నా యూరియా మహిమ. వారానికోసారి ముక్కుకి తువ్వాలు కట్టుకుని పురుగుమందు కూడా కొట్టేవాణ్ణి, పురుగనేది కనపడకపోయినా. ఆ పూలు చూడాల్సిందమ్మాయ్, తెల్లారేసరికి పసుపు దీపాలు వెలిగించినట్టుండేవి. మా కనకలక్ష్మి అయిదున్నరకే స్నానం చేసి సజ్జ పట్టుకుని పైకొచ్చేది. ఆవిడెంత జాగ్రత్త మనిషంటే, వెనక పిందె ఉన్న పువ్వుని వేలితో కూడా ముట్టుకునేది కాదు. "పిందెను తుంచితే పాపం" అనేది. ఉత్త కాడతో ఉన్న పూలు మాత్రం ఏరి, ఒక్కటి మిగల్చకుండా కోసేది. వాటిని మేం గొడ్డుపూలు అనేవాళ్ళం. ఎలాగూ కాయవు కదా, దేవుడికైనా పనికొస్తాయని. మేమిద్దరం ఎంత తెలివైనవాళ్ళమో అని ఒకళ్ళనొకళ్ళం మెచ్చుకునేవాళ్ళం కూడా.

తొమ్మిదింటికి కాఫీ తాగి నేను పైకెళ్ళి పిందెలు లెక్కపెట్టేవాణ్ణి. సోమవారం ఏడు. గురువారం నాలుగు. శనివారం రెండు! పాదు కింద చూశా, తొట్లో చూశా, పిట్టగోడ మీంచి కిందకి వంగి చూశా. రాలిన పిందె ఒక్కటి లేదు. మేడంతా అద్దంలా ఉంది. అద్దంలా ఎందుకుంది? నర్సమ్మ ఊడ్చేది కాబట్టి. ఆరున్నరకల్లా మెట్లూ మేడా ఊడ్చి, చెత్తంతా ఎత్తి బయట పారబోసి వచ్చేది. పిందె పసుపుబారి రాత్రి రాలితే పొద్దున్నే చీపురుకి పోతుంది. ఇంత సంగతి నాకు తట్టాలా వద్దా? తట్టలేదు. నాకు తట్టిందేమిటంటే, లేత గుమ్మడి పిందెలతో కూర బాగుంటుందని.

నర్సమ్మ అంటే ఎవరో చెప్పలేదు కదూ. మెదక్ వైపు మనిషి. మొగుడు పోయాడు. కూతురు సంధ్యని పెట్టుకుని ఈ మేడ మెట్ల కింద గదిలో ఉండేది. గదంటే కరెంటు మీటర్లున్న చోటే, వాటి కింద ఇద్దరు మనుషులు. నీళ్ళ మోటారు వెయ్యటం, ఊడవటం, రాత్రి గేటు, అన్నీ ఆవిడే. సన్నటి మనిషి, మాట మాత్రం లావు. ఎవరినైనా కళ్ళలోకి చూసి మాట్లాడేది. మనబోటి వాళ్ళకి అదొక ఇబ్బంది కదా. ఆ పిల్ల పదో తరగతి. మార్చిలో పరీక్షలు. మెట్ల కింద బల్బు చుట్టూ పుస్తకాలు పరుచుకుని గట్టిగా చదివేది. ఆ పిల్ల చదువు వినీ వినీ నాకు కూడా రసాయనశాస్త్రం కొంత వచ్చింది.

నేను రామ్మోహనరావుగారితో అన్నాను. ఆయన బ్యాంకులో మేనేజరుగా చేసి రిటైరయ్యారు, మేడ సంఘానికి అధ్యక్షుడు. మామూలుగా అన్నానంతే, "పిందెలు పోతున్నాయండీ" అని. ఆయన మామూలుగా వినే మనిషి కాదు. ఆదివారం మేడ మీదే సభ పెట్టారు. కుర్చీలు తెప్పించారు. అందరూ వచ్చారు. నర్సమ్మ చీపురు పట్టుకుని నిలబడింది. రామ్మోహనరావుగారు గొంతు సవరించుకుని, "ఏమండీ వెంకటనారాయణగారూ, ఆ శాఖలో చేసినవారు మీరు. మీరు తేల్చండి. పూత నిండుగా ఉంది, పిందె వేస్తోంది. ఆ వేసిన పిందె ఎట్లా పోతోందండీ?" అన్నారు. తెలీదండీ అనొచ్చు. నోరు నొప్పెట్టే మాట కూడా కాదు. "పిందెకి కాళ్ళుండవండీ. చేతులు పడితేనే కదుల్తుంది" అన్నా. అందరూ నవ్వారు. మాట బాగా కుదిరిందని నేనూ నవ్వా. నవ్వు ఆగేసరికి అందరూ నర్సమ్మ చేతుల వంక చూస్తున్నారు.

ఆవిడ నవ్వలేదు. "ఏంది సారు, నేను తెంపుతున్ననా? రాలినయి. రాలినవి ఊడ్సిన. రోజు ఊడ్వమన్నది మీరే గదా" అంది. రామ్మోహనరావుగారు, "ఊరికే ఎందుకు రాల్తాయమ్మా?" అన్నారు. "పువ్వుకు పువ్వు తాకక రాలుతయి" అంది. నేను పెద్ద తెలిసినట్టు పక్కకి తిరిగి నవ్వా. అప్పుడావిడ నన్నొదిలేసి మా కనకలక్ష్మి వైపు తిరిగింది. "అమ్మా, మీరు పొద్దుగాల తెంపేటివి యే పువ్వులు?" మా ఆవిడ పాపం అమాయకంగా, "గొడ్డుపూలేనే! పిందె ఉన్నవాటి జోలికి నేనెందుకు పోతాను?" అంది. నర్సమ్మ చీపురు కింద పడేసి నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. "ఓ అవ్వో! గవి గొడ్డువి గాదమ్మా, మొగవి! మొగపూలన్ని దేవునికి బెడ్తే ఆడపూలు ఏం జెయ్యాలె? బతుకమ్మకు సుత మేం గుమ్మడిపూలు తెంపుతం. తెంపినా పాదుకు నాలుగు ఇడిసిపెడ్తం."

సభ కొయ్యబారిపోయింది. నిజంగా. ఆ మాట అంతమంది పెద్దమనుషుల ముందు అంత గట్టిగా ఎవరూ అనలేదెప్పుడూ. రామ్మోహనరావుగారు ఎర్రబడిపోయి, "ఆడవాళ్ళున్నారమ్మా ఇక్కడ!" అన్నారు, అన్నదీ ఆడమనిషేనని మర్చిపోయి. మా కనకలక్ష్మి రెండు చెంపలూ వాయించుకుంది. "అయ్యయ్యో, రెణ్ణెల్లుగా మగపూలే పెడుతున్నానా లక్ష్మీదేవికి!" అని. మొక్కల్లో ఆడా మగా ఏమిటి? ముప్పై నాలుగేళ్ళు వ్యవసాయం టైపు కొట్టాను, ఇది నాకెవరూ చెప్పలేదే! ఆ అదిరిపాటులో ఉండగానే ఆయన మళ్ళీ నన్నే అడిగారు. "ఇట్లా ఉంటుందాండీ మీ శాఖలో?" నేను అబద్ధం ఆడలేదమ్మాయ్. "ముప్పై నాలుగేళ్ళలో ఇలాంటి ముక్క నా చేతి మీదుగా వెళ్ళలేదండీ" అన్నా. అక్షరాలా నిజం. ఆ నిజంతోటే నర్సమ్మ గది పోయింది. నెలాఖరుకి ఖాళీ చెయ్యమన్నారు. "వచ్చే నెల నా బిడ్డకు పరీక్షలు సారు" అంది, ఆ ఒక్కమాట మాత్రం మెల్లగా. ఎవరూ వినపడనట్టు కుర్చీలు మడుస్తున్నారు. నేనూ ఒకటి మడిచా. వెళ్తూ వెళ్తూ మా ఆవిడతో, "నేనుండే గిన్ని దినాలన్న జర పువ్వులు తెంపకుండ్రి" అంది.

మా ఆవిడ అసలు ఆ పాదు వంకే చూడలేదు తర్వాత. చెంపల మంట తగ్గలేదు. మర్నాడు తెల్లారగట్ల నేను పైకెళ్ళి నీళ్ళట్యాంకు వెనక దాక్కున్నా. ఎందుకు? పట్టుకుందామని. దొంగని చేతులతో సహా పట్టుకుంటే నా మాటకి బలం కదా. వచ్చింది. చీపురు గోడకానించింది. ఉత్త కాడతో ఉన్న పువ్వొకటి తుంచింది. అదిగో అనుకున్నా! రేకులన్నీ చింపి పారేసింది. మధ్యలో పసుపు కాడలాంటిది ఒక్కటి మిగిలింది. దాన్ని తీసుకెళ్ళి పిందె ఉన్న పువ్వులో పెట్టి, పసిపిల్లకి ముక్కు తుడిచినట్టు, మెల్లగా తిప్పింది. ఇంకో పువ్వులో. ఇంకో పువ్వులో. నేను ఉండబట్టలేక బయటికొచ్చి, "ఏం చేస్తున్నావ్?" అన్నా. ఉలిక్కిపడలేదే! తిరిగి కూడా చూడకుండా, "మీ పిందెలు దొంగతనం జేస్తున్న సారు. మంచిగ జూడుండ్రి" అంది. ట్యాంకు వెనక నుంచి వచ్చినవాడికి అంతకంటే ఏం మర్యాద దక్కుతుంది?

నమ్ముతావా, ఎనిమిదో రోజుకి మూడు పిందెలు నిమ్మకాయలంత అయ్యాయి. రాలవే! మర్నాటికి బత్తాయంత. నేను దాని ముందు కూర్చుండిపోయా. పచ్చగా, నున్నగా, బతికున్న కాయ. అప్పుడు నేనేం చేశానో చెప్తే నువ్వు లేచి వెళ్ళిపోతావేమో. గోనెసంచి కప్పా. ఎవరూ చూడకుండా. రామ్మోహనరావుగారు పొద్దున్నే వ్యాయామానికి పైకొస్తారు కదా. కనకలక్ష్మి, "నెలాఖరు దగ్గర పడుతోంది, వెళ్ళి చెప్పండి" అంటుంది. "రుజువు గట్టిపడనీవే" అంటాను. రుజువు కొబ్బరికాయంత అయింది. కింద ఆ పిల్ల లెక్కలు చదువుతోంది. నర్సమ్మ రోజూ వస్తోంది, గోనెసంచి ఎత్తి చూస్తోంది, మళ్ళీ కప్పేసి పోతోంది. నన్నొక్క మాట అనలేదు. అంటే పోయేది.

చివరికి ఏదైనా ఆధారం దొరికితే దాంతో వెళ్దామని, అంటే తప్పు నాది కాదనేలాంటి ఆధారం, నా పాత ట్రంకుపెట్టె తెరిచా. నేను కొట్టిన కరపత్రాలన్నీ ఒక్కో ప్రతి దాచుకున్నాలే. గుమ్మడి సాగు, ఆరు పేజీలు. ఒకటి నించి నాలుగు నావి. ఆరు నాది. అయిదోది... అయిదోది ఆంజనేయులు కొట్టాడమ్మాయ్! నా పక్కసీటు. అతని మిషనులో 'క' ఎప్పుడూ కాస్త ఎగిరి పడేది, దాన్ని బట్టి గుర్తుపట్టా. ఆ రోజు నేను సెలవు. అందులో ఏముందంటే, నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు, "తేనెటీగలు తక్కువగా నుండు చోట ఉదయముననే విచ్చిన మగపువ్వును కోసి, రేకులు తొలగించి, ఆడపువ్వు నడిమి భాగమునకు తాకించవలెను. పూత సమయమున పురుగుమందు చల్లరాదు. యూరియా అధికమైనచో తీగ పెరుగును గాని కాపు తగ్గును." నేను చేసినవన్నీ వరసగా అందులో ఉన్నాయి, చెయ్యొద్దని. ఆ పేజీలకి పిన్ను కొట్టింది నేనే. పాతికేళ్ళు నా పెట్టెలోనే ఉంది. మెదక్‌లో ఒక చదువురాని మనిషికి తెలిసింది, నా పెట్టెలో ఉన్నది నాకు తెలీదు.

ఆ కాయితం పట్టుకుని రామ్మోహనరావుగారి తలుపు కొట్టా. నెలాఖరుకి ఒక్కరోజే ఉంది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివి, తీసి, "అయితే ఆవిడ చెప్పింది నిజమేనన్నమాట. ఉండమనండి మరి" అన్నారు. అంతే! ఇంతేనా? "మీరు చెప్తేనే కదండీ పొమ్మన్నాం. మీరు చెప్తే ఉండమంటాం. నాకేం తెలుసు గుమ్మడికాయల సంగతి?" అని లోపలికెళ్ళిపోయారు. అరనిమిషం పని. దానికి నేను రెండు వారాలు గోనెసంచి కప్పుకుని కూర్చున్నా.

మెట్లన్నీ దూకుతూ దిగా. మీటర్ల కింద మూటలు కట్టేసి ఉన్నాయి. నేను ఆయాసపడుతూ, "నర్సమ్మా, ఇదిగో, కాయితం మీద ఉంది!" అన్నా, అదేదో ఆవిడకి నేను తెచ్చిన బహుమానంలా. సంధ్య తీసుకుని తల్లికి గట్టిగా చదివి వినిపించింది, పాఠం చదివినట్టు. నర్సమ్మ అంతా విని, "మంచిగనే రాసిండు. ఎవలు రాసిండ్రు?" అంది. "ఆంజనేయులని..." అన్నా. "గాయన మంచోడు" అంది. నేను ఉండిపో అన్నా, అధ్యక్షులు కూడా సరే అన్నారన్నా. ఆవిడ మూట ముడి బిగిస్తూ, "ఇయ్యాల గుమ్మడికాయకు కాయితం దొరికింది సారు. రేపు ఎవలిదో చెంబు పోతది. దానికి యే కాయితం తెస్తరు? ఇగ నా ఫికర్ జెయ్యకుండ్రి. హఫీజ్‌పేట కాడ బిల్డింగుల పని దొరికింది" అంది. ఆ పిల్ల మూట నెత్తిన పెట్టుకుని, చేతిలో పుస్తకం తెరిచే ఉంచుకుని వెళ్ళింది.

ఏప్రిల్‌లో కాయలు పండాయి. మూడూ. మా కనకలక్ష్మి ఒకటి పులుసు పెట్టింది గానీ, ముద్ద మింగలేదు. అతి పెద్దది ఒకటి సంచిలో వేసుకుని ఏడుసీట్ల ఆటో ఎక్కి హఫీజ్‌పేట వెళ్ళా. మధ్యాన్నం దాకా ఇసక గుట్టలన్నీ తిరిగి పట్టుకున్నా. సగం కట్టిన గోడ నీడలో అన్నం తింటోంది. నన్ను చూసి లేచి, చెయ్యి కడుక్కుని, ఇటుకల మీద సంచి పరిచి కూర్చోబెట్టింది. సంధ్య పరీక్షలు రాసిందట. "ఏమో సారు, ఈడ కరెంటు లేకుండె, బుడ్డి దీపానికి చదివింది" అంది. ఆ మాట నా నెత్తిన పడింది. కాయ తీసి తట్టి చూసి, "మంచిగైంది" అంది. నేను మాట్లాడాలి కదా. దాని కోసమే వెళ్ళా, ఆటోలో దారంతా అనుకుంటూ వెళ్ళా. నోరు తెరిచి ఏం మాట్లాడానో తెలుసా? ఎండలెక్కువైతే పూత రాలే సంగతి మాట్లాడా. యూరియా ఎందుకు తగ్గించాలో చెప్పా. ఆవిడకి! తేనెటీగల గురించి అరగంట చెప్పా. ఆవిడ ఓపిగ్గా విని, "ఇగ పనికి పోవాలె సారు" అని తట్ట నెత్తిన పెట్టుకుంది. వచ్చేశా. ఎండాకాలం పోయాక మళ్ళీ వెళ్తే ఆ బిల్డింగుకి సున్నం కూడా వేసేశారు. పనివాళ్ళు ఎటు పోయారో ఎవరికీ తెలీదు. ఆ పిల్ల పాసయిందో లేదో కూడా తెలీదు. ఉందో లేదో ఆవిడ. నా కంటే పదేళ్ళు చిన్నదే ఉండాలి.

నీ దోసపాదుకేముందిలే, రేపు పొద్దున ఎనిమిదింటిలోపు పైకి రా, మగపువ్వు ఏదో చూపిస్తా, ఎలా తాకించాలో చూపిస్తా. అది నాకు వచ్చు. తప్పు నాది అని ఒక మనిషి ముందు నిలబడి మాట ఎట్లా మొదలుపెట్టాలో, అది నాకింకా రాదమ్మాయ్.